పెద్దాడి సీటు

మార్చి 30

పిచ్చుకా,

అమ్మ రాసేది. ఇక్కడ నేను బాగున్నాను, మోకాలు బాగాలేదు, మిగతాదంతా మామూలే. నువ్వెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాను. తీరా చూస్తే నేను ఊపుతున్నది నీ బస్సుకి కాదు, దాని వెనకాల వచ్చిన ఇంకో బస్సుకి. కిటికీ దగ్గర కూచున్న ఒక ముసలాయన పాపం, ఎవరో అనుకుని నాకు తిరిగి చెయ్యి ఊపాడు.

నా రాత నీకు తెలిసిందే. ఐదో తరగతిలో ఆగిపోయిన చెయ్యి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. అక్కడ ఫోను పలకదనీ, మీ లీడరు గారి దగ్గరుండే పెద్ద ఫోను ప్రాణం మీదికొస్తేనే తీస్తారనీ చెప్పావు కాబట్టి నాకీ తిప్పలు తప్పవు. సామాన్లు మోసేవాళ్లే ఉత్తరాలు కూడా పైకి తెస్తారన్నావు. వాళ్లకి నా తరఫున దండం చెప్పు.

మా లాండ్రీలో అందరికీ చెప్పేశాను. అందరికీ అంటే రేడియోకి చెప్పాను, అంతే. నాతో దుప్పట్లు మడతపెట్టే రేడియో నీకు తెలుసుగా. దానికి పొద్దున ఒక మాట చెబితే మధ్యాహ్నానికి ఆపరేషన్ థియేటర్ దాకా వెళ్తుంది. "మీ పిల్ల ఎక్కే కొండ ఎంత ఎత్తే?" అంది. "మన ఆసుపత్రి మీద ఇంకో ఆసుపత్రి, దాని మీద ఇంకోటి, అలా పెట్టుకుంటూ పోతే మేఘాలు కింద కనపడతాయట, అంత" అన్నాను. "మరి లిఫ్టు?" అంది.

నవ్వాను గానీ ఇంటికొచ్చాక నవ్వు నిలవలేదు. కొండెక్కే జట్టులో ఆ సీటు మీ అన్నది. మేడలకి రంగులేస్తూ తాడు మీద వేలాడి, ఆదివారం పూట బండరాళ్లెక్కి సంపాదించుకున్నాడు. ఎంపికయ్యాడని కబురొచ్చిన వారానికే వాన్లో బండి జారి లారీ కింద పడ్డాడు. నువ్వూ వాడితోపాటు రాళ్లెక్కడం నేర్చుకున్నదానివే కదా అని లీడరు గారు నీకిస్తానంటే, "అది వాడి కోరికమ్మా, నాది కాదు" అన్నావు. నేనే బతిమాలి, ఏడ్చి, తిండి మానేసి నిన్ను పంపించాను. తప్పు చేశానని మాత్రం అనుకోవడంలేదు. పెద్దాడి ఫోటో నీ కోటు లోపలి జేబులో పెట్టి మూతి కుట్టేశాను. కొండ చివర జేబు విప్పి, ఫోటో అక్కడ పెట్టి రా. ఇంక నాకేం వద్దు.

తల తడిగా ఉంచుకోకు. 

మీ అమ్మ


ఏప్రిల్ 16

అమ్మా,

నీ ఉత్తరం టెంటులో అందరికీ చదివి వినిపించాను, కోప్పడకు. వెనక బస్సు ముసలాయన దగ్గర అందరూ పడి పడి నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది పళ్ల డాక్టరు గారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యి వచ్చారు, మా జట్టులో పెద్దాయన. ఎత్తుకి వెళ్తే పుచ్చుపళ్లు సలుపుతాయట. అందుకని వచ్చీరాగానే అందరినీ వరసలో నిలబెట్టి, నోళ్లు తెరిపించి, టార్చి వేసి చూశారు. "నీ పళ్లు గట్టివమ్మాయ్, కొండ కరిచినా నువ్వూ తిరిగి కరవచ్చు" అన్నారు నాతో.

లీడరు గారు మమ్మల్ని జతలు జతలుగా విడదీశారు. జతకి ఒకే తాడు. జతలో ఒకరు వెనక్కి తిరిగితే రెండోవాళ్లూ తిరగాల్సిందే, ఎంత దగ్గరికి వెళ్లినా సరే. ఆయన పెట్టిన మొదటి షరతు ఇది. నా జత పళ్ల డాక్టరు గారే.

లీడరు గారు మాటకి పొదుపు. రోజూ పొద్దున్నే టెంటు టెంటుకీ వచ్చి అడిగినవే అడుగుతారు. "నీళ్లు తాగావా? తలనొప్పుందా? దగ్గుందా?" మనం చెప్పిందే నమ్ముతారు. తాళ్లూ టెంట్లూ తాను చూసుకుంటారట, ఒంట్లో సంగతి మాత్రం ఎవరిది వాళ్లే చెప్పాలట. అందుకే అబద్ధం చెప్పినవాళ్లని ఇంకెప్పుడూ తన జట్టులోకి తీసుకోరట.

ఇక్కడ నేలంతా మంచూ రాళ్లూ. బూట్లు బయట పెడితే గడ్డకట్టి చెక్కల్లా అయిపోతాయి. వాటిని పడుకునే సంచీలో కాళ్ల దగ్గర పెట్టుకుంటాం. సూపు తాగేలోపే చల్లారిపోతుంది. పోయినవారం మొదటి క్యాంపు దాకా ఎక్కి దిగాం. మొన్న రెండో క్యాంపు దాకా వెళ్లి, అక్కడ పడుకుని, నిన్న దిగి వచ్చాం. అందరం క్షేమం. ఇలా కొంచెం కొంచెం ఎక్కి దిగుతుంటేనే ఒంటికి పల్చటి గాలి అలవాటవుతుందట. నువ్వు రేడియో పిన్నితో అన్నది నిజమే, మేఘాలు కిందే ఉన్నాయి. 

తాడు పట్టుకున్నప్పుడు ఒక్కోసారి అన్నయ్య ముందున్నాడేమో అనిపించి తలెత్తి చూస్తాను. వాడుంటే ఈపాటికి లీడరు గారిని కూడా నవ్వించేవాడు.

జిరాక్స్ షాపు ఓనరు నా పనిలోకి ఇంకెవరినీ పెట్టలేదు కదా? ఒకసారి అటు వెళ్లినప్పుడు చూడు.

నీ పిచ్చుక


ఏప్రిల్ 28

నా తల్లీ, నా బంగారు తల్లీ,

అక్షరాలు వంకరపోతే సంతోషం వల్లే. ఉత్తరం లాండ్రీకే తెచ్చిచ్చాడు పోస్టుమేన్. డ్రమ్ములు తిరుగుతున్నాయి, ఒకరి మాట ఒకరికి వినపడదు. ఆరబెట్టే మిషను పక్కన నిలబడే చదివాను. దిగి వచ్చాం, అందరం క్షేమం, మేఘాలు కిందే ఉన్నాయి. ఇంక నాకు ముందూ వెనకా కనపడలేదు. అరిచేశాను. రేడియో వచ్చి "ఏమయిందే, చెయ్యి మిషన్లో పెట్టావా?" అని నన్ను పట్టుకుంది. "నా కూతురు కొండెక్కి దిగిందే!" అన్నాను. ఆ తర్వాత సంగతి నీకు చెప్పాలా, అది రేడియో.

సాయంత్రానికల్లా సూపరింటెండెంటు గారు తన గదికి పిలిపించారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ గదిలోకి తెరలు మార్చడానికి వెళ్లానే గానీ కుర్చీలో కూచోవడానికి ఎప్పుడూ వెళ్లలేదు. శనివారం భోజనాల హాల్లో సభ పెట్టారు. నీ ఫోటో, పక్కన అన్నయ్య ఫోటో, పెద్ద ఫ్లెక్సీ కొట్టించి గేటుకి కట్టించారు. నన్ను స్టేజి ఎక్కించి మైకు చేతికిచ్చారు. నాకేం మాట్లాడాలో తెలీలేదు. "మా పెద్దాడు పోయాడు, కానీ ఇవాళ వాడి ఫోటో అన్నిటికంటే పైన ఉంది" అన్నాను. హాలంతా లేచి నిలబడింది పిచ్చుకా. డాక్టర్లు, నర్సులు, గేటు దగ్గర గార్డు అందరూ. వాడు పోయాక నా మొహం చూసి ఎవరూ జాలిపడనిది ఆ ఒక్కరోజే. నాకు ఒక టేబుల్ ఫ్యాను ఇచ్చారు. అట్టపెట్టె ఇంకా విప్పలేదు, నువ్వొచ్చాక విప్పుదాం.

పైన ఫోటో పెట్టినప్పుడు ఇంకో ఫోటో తీసే ఉంటారుగా? అది పంపు. సూపరింటెండెంటు గారు ఫ్రేము కట్టిస్తానన్నారు.

జిరాక్స్ షాపాయన నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నీ కుర్చీలో ఎవరూ లేరు, పిల్లి పడుకుని ఉంది.

ఆనందం పట్టలేని 
మీ అమ్మ


మే 7

అమ్మా,

కూచుని చదువు. మిషను పక్కన నిలబడి చదవకు.

మేమింకా ఎక్కలేదు. రెండో క్యాంపు అంటే సగం దూరం కూడా కాదు. ఎక్కి దిగడం అలవాటు కోసమని రాశాను కదా. పైన మూడో క్యాంపు ఉంది, నాలుగోది ఉంది, కొండ చివర దాని తర్వాత. నీ ఉత్తరం చూసి ముందు నవ్వొచ్చింది. మైకు దగ్గరికి వచ్చేసరికి నవ్వు పోయింది. అంతమంది ముందు నిలబడ్డావా? దయచేసి సూపరింటెండెంటు గారికి వెళ్లి చెప్పెయ్. తొందరపడి చెప్పానంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఫ్యానుదేముంది, ఇచ్చేద్దాం.

ఇంకో సంగతి. నాకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గే, ఇక్కడ చాలామందికి ఉంది. కానీ నాది తగ్గడంలేదు. లీడరు గారికి చెప్పాను. నన్ను కింద పడుకోబెట్టి చూస్తున్నారు. చివరిసారి పైకి బయల్దేరే రోజుకి తగ్గకపోతే నన్ను తీసుకెళ్లనన్నారు. పళ్ల డాక్టరు గారిని అప్పుడు ఇంకో తాడుకి కలుపుతారు. ముందే ఆగిపోతే అలా కలపొచ్చు, పైకి బయల్దేరాక కుదరదు.

అమ్మా, ఒక మాట అడుగుతాను. నేను ఇక్కడిదాకా వచ్చి, చివరిదాకా ఎక్కకుండా వస్తే నీకు ఫరవాలేదు కదా? ఒక్క ముక్క రాయి చాలు. బయల్దేరేలోపు నీ జవాబు అందుతుంది. 

నీ పిచ్చుక


మే 15

అమ్మాయికి,

ఫరవాలేదని రాయలేను.

నువ్వు చెప్పెయ్ అన్నంత తేలిక కాదు చెప్పడం. ఫ్లెక్సీ ఇంకా గేటుకే ఉంది. గార్డు రోజూ నాకు సెల్యూట్ కొడుతున్నాడు. నర్సింగు పిల్లలకి నీచేత పాఠం చెప్పిస్తానని సూపరింటెండెంటు గారు అందరి ముందూ అన్నారు. ఇప్పుడు వెళ్లి, కాదండీ, నేనే సగం చదివి గంతులేశానండీ అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మా దగ్గర పై వార్డు నుంచి దిగిన దుప్పటికి అక్కడి పని అయిపోయినట్టే. దిగి వచ్చాం అంటే నేను అదే అనుకున్నాను. ఎక్కినదాన్ని దిగి మళ్లీ ఎక్కుతారని నాకెలా తెలుస్తుంది?

రేడియోకి ఒక్కదానికే చెప్పాను. నోట్లో కొంగు కుక్కుకుని కాసేపు ఆలోచించింది. "అది అబద్ధం కాదే, అడ్వాన్సు. పిల్ల ఎక్కేస్తే సరిపోతుంది" అంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు అది. రేడియోనే నోరు మూసుకుందంటే నా పరువు ఎక్కడ వేలాడుతోందో చూసుకో.

దగ్గు ఎవరికి రాదు? ఈ బట్టల సోడా పొగలో నేను రోజూ దగ్గుతూనే ఉన్నాను. దగ్గొచ్చిందని ఒక్కపూట మానానా? ఆ సీటు నీది కాదు, మీ అన్నది. వాడే ఉంటే దగ్గొచ్చిందని కూచునేవాడు కాదు. ఉండాల్సినవాడు పోయి నువ్వు మిగిలావు. మిగిలినందుకు ఈ ఒక్క పని చెయ్యి. ఫోటో పైన పెట్టకుండా ఇంటికి రాకు.

అమ్మ


మే 23

పిచ్చుకా, నా తల్లీ,

ముందు రాసిన ఉత్తరం నీకు అందకుండా ఉంటే బాగుండు. అందితే చదవకు. చదివితే చించెయ్. ఆ మాటలు రాసిన చెయ్యితోనే ఇవి రాస్తున్నాను, అదే నాకు అసహ్యంగా ఉంది.

ఆ ఉత్తరం డబ్బాలో వేశాక వారం రోజులు తల ఎత్తుకుని తిరిగాను. గార్డు సెల్యూట్ కొడితే తిరిగి కొట్టాను కూడా. నిన్న ఛాతీ వార్డుకి మాసిన దుప్పట్లు తేవడానికి వెళ్లాను. అక్కడి నర్సు "అమ్మాయి ఎప్పుడొస్తోందమ్మా?" అంది. దాచుకోలేక నిజం చెప్పేశాను, ఇంకా ఎక్కలేదు, దగ్గొచ్చి కూచుందని. ఆమె చేతిలో ఉన్న ట్రే పక్కన పెట్టేసింది. "అంత ఎత్తులో తగ్గని దగ్గా? ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందమ్మా. దిగితే తగ్గుతుంది, ఎక్కితే ప్రాణం పోతుంది. ఎక్కొద్దని రాశారుగా?" అంది.

రాశారుగా అని అడిగింది పిచ్చుకా. ఏ తల్లయినా అదే రాస్తుందని ఆమె అనుకుంది. నేను తల ఊపాను. రాశానని తల ఊపాను. 

అక్కడినుంచి దుప్పట్లు అక్కడే వదిలేసి పోస్టాఫీసుకి పరిగెత్తాను. వారం కిందట వేసిన ఉత్తరం వెనక్కి కావాలన్నాను. కిటికీలో కుర్రాడు నవ్వాడు. "ఈపాటికి కొండెక్కేసి ఉంటుందమ్మా" అన్నాడు. మంచివాడే, నవ్వించాలని అన్నాడు.

ఆసుపత్రి ఆఫీసులో గుమస్తా కాళ్లు పట్టుకున్నంత పని చేసి మిమ్మల్ని కొండకి పంపినవాళ్ల ఆఫీసుకి ఫోన్ చేయించాను. ఎవరో అమ్మాయి తీసింది. "మా పిల్లకి దగ్గు, దిగి రమ్మని చెప్పండి, అమ్మ దిగి రమ్మందని చెప్పండి" అని అరిచాను. గరగరమని చప్పుడు. "దగ్గు సంగతి కనుక్కుంటామండీ" అంది. పెట్టేసింది. మళ్లీ చేస్తే కలవలేదు.

సూపరింటెండెంటు గారి దగ్గరికి ఫ్యాను మోసుకుని వెళ్లాను. అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, "పోనీలేమ్మా, ఎలాగూ ఎక్కుతుంది కదా, ఇప్పుడు ఆ ఫ్లెక్సీ పీకేస్తే ఆసుపత్రికి నామర్దా" అన్నారు. నేను వారం కిందట రాసిందీ ఇదే కదా. ఆయన నోట వింటే ఎంత చెడ్డగా ఉందో. లాండ్రీ కత్తెర తీసుకుని గేటు దగ్గర స్టూలెక్కాను. "అమ్మా, తీయమని ఎవరు చెప్పారు?" అని గార్డు పరిగెత్తుకొచ్చాడు. "కట్టించిన అబద్ధం నాది, తీసేది కూడా నేనే" అన్నాను. తాళ్లు కోసేశాను. రేడియో కిందనుంచి పట్టుకుంది. దుప్పటిలా మడతపెట్టబోయాం గానీ ఆ ఫ్లెక్సీ మడత పడదు, మీ ఇద్దరి మొహాలూ మధ్యలో విరిగి పైకి లేస్తున్నాయి. రేడియో ఏడ్చేసింది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆగి అడుగుతుంటే ఒక్కొక్కరికీ నేనే చెప్పాను. మా పిల్ల ఎక్కలేదు, నేను ఎక్కిందని చెప్పాను, తర్వాత దగ్గుతో ఉన్నదాన్ని ఎక్కమని రాశాను. ఒకావిడ పిల్లని చంకనేసుకుని విని, ఆ పిల్ల తల మీద చెయ్యేసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

నువ్వు జ్వరమొస్తే చెప్పవు, అన్నయ్యకి పెట్టేశాక మిగిలిందే నీకు చాలనేదానివి, బడిలో బహుమతి వచ్చినా సంచీలోనే ఉంచేదానివి. చెప్పని పిల్ల కదా అని నేనెప్పుడూ అడగలేదు. మొదటిసారి నువ్వు నన్ను ఒక్క ముక్క అడిగావు. దానికి నేను ఇచ్చిన జవాబు అది.

దిగి రా. ఫోటో వద్దు, కొండ వద్దు. వాడి బదులుగా నిన్ను పంపకుండా ఉండాల్సింది.

మీ అమ్మ


జూన్ 3

అమ్మా,

కింద ఊళ్లో చిన్న క్లినిక్కులో ఉన్నాను. ప్రాణానికి భయం లేదు. ముందే ఆ మాట రాస్తున్నాను, లేకపోతే నువ్వు చివరిదాకా చదవవు. లీడరు గారు నీకు ఫోన్ చేయిస్తానంటే నేనే వద్దన్నాను. ఈసారి కబురు నువ్వు నా రాతలోనే చదవాలి. 

నీ రెండు ఉత్తరాల్లో ముందుది సరిగ్గా పైకి ఎవరెవరు వెళ్లాలో పేర్లు తేల్చే రోజే అందింది. టెంటులో అందరూ "ముసలాయన కనిపించాడా, చదువు చదువు" అన్నారు. వాళ్లకి వినిపించలేదు. ఒక్కదాన్నే చదువుకుని లోపల పెట్టేసుకున్నాను.

అంతకుముందు రోజే లీడరు గారితో, నేను వెళ్లను, దగ్గు తగ్గలేదు అని చెప్పాలని నిశ్చయించుకున్నాను. నువ్వు ఎలాగూ ఫరవాలేదనే రాస్తావు, అది చూసుకుని చెబుదామని ఆగాను. అంతే. ఆయన వచ్చి "దగ్గుందా?" అన్నారు. "తగ్గిపోయింది సార్" అన్నాను. ఆయన నా మొహంలోకి చూస్తూ "మీ అమ్మ ఆఫీసుకి ఫోన్ చేసి నీ దగ్గు సంగతి అడిగిందట" అన్నారు. దిగి రమ్మన్నావని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎక్కడానికి పనికొస్తానో లేదో కనుక్కుంటున్నావనుకున్నాను. "మా అమ్మకి కంగారెక్కువ సార్, పూర్తిగా తగ్గింది" అన్నాను.

మూడో క్యాంపు దాకా దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గాను. పళ్ల డాక్టరు గారికి తెలుసనుకుంటాను. "అమ్మాయ్, నిజం చెప్పు" అని ఒక్కసారి అడిగారు. ఆయనకీ అదే అబద్ధం చెప్పాను. నాలుగో క్యాంపు దారిలో ఊపిరి తీస్తే లోపల నీళ్లు గలగలమన్న చప్పుడు నాకే వినిపించింది. మోకాళ్ల మీద కూలబడ్డాను. లీడరు గారు వెనక్కి తిప్పారు. నన్ను తిప్పితే తాడుకి రెండో కొసనున్న పళ్ల డాక్టరు గారినీ తిప్పాలి.

అమ్మా, ఆకాశం ఒక్క మబ్బు లేకుండా ఉంది ఆ రోజు. కొండ చివర కనిపిస్తోంది. పళ్ల డాక్టరు గారు దాని వైపు ఒకసారి చూశారు. ఇంకో ఏడాది మళ్లీ వచ్చే వయసు కాదు ఆయనది. కిందే నిజం చెప్పి ఆగిపోయి ఉంటే ఆయన ఇంకో తాడు మీద ఎక్కి ఉండేవారు. నా నోటికి ఆక్సిజన్ కట్టి, దారంతా నన్ను పట్టుకుని దింపారు. "పైన నా కట్టుడు పన్ను గడ్డకట్టి ఊడిపోయేదేమో, నువ్వే కాపాడావు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. క్లినిక్కుకి రోజూ వస్తున్నారు. ఆయన వచ్చేసరికి కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకుంటున్నాను. లీడరు గారు ఒకే ఒక్క మాటన్నారు. "నేను నిన్ను నమ్మాను." నువ్వు నాకు రాసినదానికంటే అది చిన్నదే, కానీ అది నాకు తగినదే.

ఆ రోజు నన్ను కిందికి పంపేముందే, ఫోటో తాను పైకి తీసుకెళ్తానని మిగతా జట్టుతో వెళ్లబోతూ లీడరు గారు అడిగారు. జేబు విప్పాను. ఇవ్వలేకపోయాను. అక్కడి గాలి నువ్వు చూడలేదు. వాణ్ణి ఒక్కణ్ణీ అక్కడ వదిలేసి రావడానికి చెయ్యి రాలేదు. వాడు నాతోనే దిగాడు.

నీ రెండో ఉత్తరం నిన్న ఇక్కడికి తెచ్చిచ్చారు. చదివాను. కత్తెర తీసుకుని స్టూలెక్కావని చదివాక ఏడ్చాను. కానీ అమ్మా, ముందుది కూడా నువ్వు రాసిందే కదా. "మిగిలావు" అన్నావు. నాకు ఆ మాట తెలుసు. వాడు పోయిన రోజునుంచీ మనింట్లో ఆ మాట తిరుగుతూనే ఉంది, నువ్వు పైకి అనలేదు, అంతే. నువ్వు వాడి చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసి మళ్లీ బీరువాలో పెడుతుంటే నేను పక్క గదిలో కూచుని వినేదాన్ని. నేను కొండెక్కితే ఆ మాట పోతుందనుకున్నాను.

ఎప్పుడు పంపిస్తారో ఇంకా చెప్పలేదు. ఇంటికి రానా వద్దా అని నిన్ను అడగడంలేదు. ఏమీ అడగడంలేదు.

నీ కూతురు


జూన్ 11

పిచ్చుకా,

నేను ఇక్కడే ఉన్నాను. క్లినిక్కు వరండాలో, తలుపు ఎదురు బెంచీ మీద. ఈ కాగితం ఆయమ్మ చేత లోపలికి పంపిస్తున్నాను. పేరు పెట్టి పిలుస్తూ లోపలికి వచ్చేసే హక్కు నాకుందో లేదో తెలీలేదు, అందుకని రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి అలాగే బస్సెక్కాను. తర్వాత ఇంకో బస్సు, తర్వాత సామాన్ల జీపు. మోకాలి సంగతి అడగకు. బయల్దేరేముందు రేడియోకి ఒక్క మాట చెప్పి వచ్చాను. "అందరికీ ఏం చెప్పను?" అంది. "పిల్లని నేను పోగొట్టుకోబోయానని చెప్పు" అన్నాను. "అంతా చెప్పను, సగం చెబుతాను" అంది. అన్నీ చెప్పెయ్యమన్నాను.

ఇక్కడికి రాగానే తెల్లగడ్డం పెద్దాయన ఒకరు వరండాలో కనిపించారు. నన్ను చూడగానే "మీరు అమ్మాయి వాళ్లమ్మగారు కదూ, దవడ ఒకటే" అన్నారు. పళ్ల డాక్టరు గారని అప్పుడు తెలిసింది. ఆయన కాళ్ల మీద పడబోతే పడనివ్వలేదు. "మా అమ్మాయి చేత అబద్ధం చెప్పించింది నేనండీ, మీ కొండ పోగొట్టింది నేను" అన్నాను. ఆయన ఫరవాలేదని అనలేదు. కాసేపు కొండ వైపే చూశారు. "బాధగానే ఉందమ్మా" అన్నారు. "కానీ పిల్ల నాతో మాట్లాడ్డంలేదు, నాకు అది ఇంకా బాధగా ఉంది. నిద్ర నటిస్తోంది, దానికి గురకపెట్టడం చేతకాదు." ఆయనతో మాట్లాడమ్మా. ఆయన తనకి బాధగా ఉందని నిజం చెప్పగలిగారు. మనింట్లో అది కూడా ఎవరికీ చేతకాలేదు.

పక్క గదిలో కూచుని వినేదాన్ని అన్నావు. నాకు తెలుసు నువ్వు వింటున్నావని. తెలిసే తలుపు వేసుకునేదాన్ని కాదు. నా బాధ పెద్దదని నీకు తెలియాలనుకున్నాను. నీకూ అన్న పోయాడని, నీ బాధకి ఇంట్లో చోటు కావాలని నాకు తోచనే లేదు. ఇంతకంటే బాగా రాయడం నాకు రాదు.

నన్ను చూడాలని లేకపోతే రావొద్దని చెప్పు. నేను వెళ్లిపోను, ఇక్కడే బెంచీ మీద ఉంటాను. నువ్వు లేచి నడిచేదాకా ఉంటాను. నువ్వు అటు తిరిగి వెళ్లిపోయినా సరే, నడుస్తున్నావని చూసి వెళ్తాను.

అమ్మ


(అదే కాగితం వెనక, పెన్సిలుతో)

అమ్మా,

నన్ను మంచం దిగనివ్వడంలేదు. బయటికి రాలేను, నువ్వే రావాలి.

నీ మీద కోపం పోలేదు. చాలా ఉంది. అరుద్దామంటే దగ్గొస్తోంది, గట్టిగా అరవలేను. దగ్గరికొచ్చి కూచో, వినపడుతుంది.